మూడో వరస మీటలు

"సరే, నీ ఇష్టం."

మా ఆయన పంపిన జవాబు ఇది. నేనడిగిన ప్రశ్న చిన్నదేం కాదు. నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం పెద్దాయన ఇంకో ఊళ్లో కొత్త దుకాణం తెరుస్తున్నాడు. దాన్ని చూసుకోవడానికి నన్ను వెళ్లమంటున్నాడు. రైల్లో ఒక పూట ప్రయాణం. వెళ్తే అక్కడే ఇల్లు తీసుకుని ఉండాలి. ఆయన ఇక్కడ, నేనక్కడ. కళ్లు పరీక్ష చేసే గది తలుపేసుకుని, ఫోన్లో అంతా వివరంగా రాసి, చివర్న "వెళ్లనా?" అని పెట్టాను. ఫోన్ ఇంకా చేతిలోంచి దించనేలేదు, జవాబు వచ్చేసింది.

తెలుగులో "నీ ఇష్టం" అంత మాయదారి మాట ఇంకోటి లేదు. ప్రేమగా అంటే నువ్వేం చేసినా నాకు సమ్మతమే అని. కోపంగా అంటే చేసి చూడు, తర్వాత నీ పని చెప్తానని. విసుగ్గా అంటే నా బుర్ర తినొద్దని. మా అమ్మ అంటే వద్దని. నోటితో అంటే గొంతును బట్టి పోల్చుకోవచ్చు, రాసి పంపితే ఏం తెలిసి చస్తుంది? నేను ఆ కామాని పట్టుకున్నాను. "సరే" దగ్గర ఆగాడంటే కాస్త ఆలోచించాడన్నమాట. ఆలోచించాడంటే బాధపడ్డాడన్నమాట. బస్సులో ఇంటిదాకా ఆ కామాని పట్టుకునే వేలాడాను.

ఇంటికొచ్చేసరికి ఆయన గది తలుపు వేసే ఉంది. లిఫ్టుల్లో ఉండే చిన్న బోర్డులకి ప్రోగ్రాములు రాయడం ఆయన ఉద్యోగం. ఏ అంతస్తు నొక్కితే అక్కడ ఆగాలి, తలుపుల మధ్య ఎవరైనా చెయ్యి పెడితే మళ్లీ తెరుచుకోవాలి, అలాంటివి. ఇంట్లోంచే చేస్తాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, కళ్లకి తెర. నేను తలుపు తట్టినా వినిపించదు కాబట్టి, పక్క గదిలో ఉన్నా మెసేజే పెడతాను. అది ఆయన కంప్యూటర్లోనే కనిపిస్తుంది, జవాబూ అక్కణ్నుంచే కొడతాడు. దుకాణంలో అద్దాలు అరగదీసే అక్క ఆయన్ని ఒకే ఒక్కసారి చూసింది. ఆ ఒక్కసారికే "సైలెంట్ మోడ్" అని పేరు పెట్టేసింది. రోజూ పొద్దున్నే "మీ సైలెంట్ మోడ్ కులాసాయేనా?" అని అడుగుతుంది.

అన్నం తినేటప్పుడు అడిగాను.

"నా మెసేజ్ చూశావా?"

"ఊఁ."

"మరేమంటావు?"

"చెప్పాగా."

నిజమే, చెప్పాడు. కంచం కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్లిపోయాడు. చెడ్డ మనిషైతే పోట్లాటైనా పెట్టుకుందును. కంచం కడుక్కునే మనిషితో ఏమని పోట్లాడతాం?

వారానికోసారి ఆయన ఆఫీసులో మొహం చూపించి రావాలి. సరిగ్గా ఆ రోజే మా దుకాణానికి సెలవు. నేను ఇంట్లో ఉండే ఒక్క రోజూ ఆయన ఉండడు. ఇంత చక్కగా కుదరాలంటే కూడా రాసిపెట్టి ఉండాలి. ఆ రోజు పెద్దాయన కొత్త దుకాణం గదుల బొమ్మ పంపాడు. ఫోన్లో చూస్తే చీమల బారులా ఉంది. పెద్దగా ప్రింటు తీసుకుందామని మా ఆయన గదిలోకెళ్లి కంప్యూటర్ తెరిచాను. పాస్‌వర్డు మా పెళ్లిరోజు. ప్రేమతో పెట్టుకున్నాడని చెప్పుకోను, ఆ తేదీ మర్చిపోకుండా ఉండటానికే పెట్టుకున్నాడని నా అనుమానం.

బల్ల మీద మామూలు కీబోర్డు ఉంది. దాని ఎడమపక్కన అరచేతిలో ఇమిడిపోయే ఇంకో బుల్లి కీబోర్డు ఉంది. మూడు వరసలు, వరసకి మూడు మీటలు. వాటి మీద అక్షరాలేం ఉండవు, నున్నగా బోడిగా ఉంటాయి. సందుల్లో బిస్కెట్ పొడి పేరుకుని ఉంది. మురికి అద్దం కనిపిస్తే తుడవకుండా ఉండలేని ఉద్యోగం నాది. జేబులోంచి అద్దాలు తుడిచే గుడ్డ తీసి మీటల మీద రుద్దాను. తెర మీద ఏదో ఖాళీ ఫైలు తెరిచి ఉంది కాబోలు, దాంట్లో అక్షరాలు వాటంతటవే పరిగెత్తాయి.

"చూస్తున్నాను." "సాయంత్రానికి అయిపోతుంది." "అక్కా, బాగున్నావా? మందులు వేసుకున్నావా?" "మీటింగ్‌లో ఉన్నా." "నువ్వు తినేయ్." "సరే, నీ ఇష్టం."

గుడ్డ పక్కన పెట్టి, ఈసారి వేలితో ఒక్కో మీటా నొక్కి చూశాను. పై వరస ఆయన పనికి, ఏవో షార్ట్‌కట్లు. మధ్య వరసలో రెండు మీటలు ఆయన పైవాళ్లకి, మూడోది మా వదినకి, అంటే ఆయన అక్కకి. కింది వరస నాది. మొదటి మీట నొక్కితే మీటింగ్, రెండోది నొక్కితే తినేయ్, మూడోది నొక్కితే నీ ఇష్టం. కామాతో సహా. చివర్న పంపించేసే ఎంటర్‌తో సహా.

అరికాలి మంట నెత్తికెక్కింది. అంత పెద్ద ప్రశ్నకి ఒక మీట! నేను బస్సులో వేలాడిన కామా ఎప్పుడో టైపు చేసి పెట్టుకున్న కామా. ఫోన్ తీసి పాత మెసేజ్‌లు వెనక్కి తిప్పాను. "రాత్రికి ఏం చేయను?" "సరే, నీ ఇష్టం." "నీ నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?" "సరే, నీ ఇష్టం." చొక్కా ఎక్కడుందంటే సరే ఏమిటి? అప్పుడే అనుమానం రావలసింది. ఇన్నేళ్లు కాపురం చేశాక జవాబు అతకకపోయినా పట్టించుకోవడం మానేస్తామనుకుంటాను. ఆ కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడవడానికి ఇంట్లో అడ్డొచ్చేవాళ్లెవరూ లేరు.

ఆ బుల్లి కీబోర్డు నా ఎదురుగానే తయారైంది. పెళ్లైన కొత్తలో, అన్నం తినే బల్ల మీద. ఆయన సోల్డరింగ్ చేస్తుంటే నేను దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం పట్టుకుని, ఏ అతుకు సరిగ్గా పడలేదో చెప్పేదాన్ని. అప్పట్లో మాట్లాడేవాడు. అందులో సగం కీబోర్డు గురించే, అయినా మాటలు మాటలే కదా. "ఈ మీటలకి ఏమీ తెలియదు, మనం ఎక్కించే ఫర్మ్‌వేరే వాటి బుర్ర," అనేవాడు. ఫైల్లో ఒక్కో మీటకి ఒక్కో లైను. కొటేషన్ల మధ్య ఏం రాస్తే నొక్కినప్పుడు అదొస్తుంది. రాశాక బిల్డ్ చేయాలి, అంటే దాన్ని కీబోర్డుకి అర్థమయ్యే ఫైలుగా మార్చాలి. తర్వాత పైన ఎడమ మూల మీట నొక్కిపట్టి కేబుల్ గుచ్చాలి. అప్పుడు కీబోర్డు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. తయారైన ఫైలు దాంట్లో పడేస్తే బుర్ర మారిపోతుంది. చంటిపిల్లకి స్నానం చేయించే పద్ధతి చెప్పినట్టు, ఎక్కించిన ప్రతిసారీ వరసగా పైకే చెప్పుకునేవాడు. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది.

ఫైలు దొరకడం కష్టం కాలేదు. ఆయన అన్నీ పేర్లు పెట్టి సర్దుకునే మనిషి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. వాటిని తెలుగు చేసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో వేరే ఉంది. చివరి లైన్లో నీ ఇష్టాన్ని చెరిపేశాను. మొదట నోటికొచ్చిన తిట్టు రాశాను, అది చదువుకుంటే నన్ను నేనే తిట్టుకున్నట్టుంది. చెరిపి "వెళ్లకు" అని రాశాను. ఆ మాట వంక చాలాసేపు చూశాను. నేను వినాలనుకున్నది అదే, అబద్ధమెందుకు? కానీ నేను రాసి, ఆయన వేలితో నొక్కించి, మళ్లీ నేనే చదువుకుంటే అది దొంగ సంతకం పెట్టుకోవడమే. అదీ చెరిపేశాను. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చినప్పుడల్లా "ఇప్పుడెలా ఉంది? దీంతో బాగుందా, ముందుదా?" అని అడిగే దాన్ని నేను. నన్ను అడిగేవాళ్లు లేరు. ఆ కొటేషన్ల మధ్య "ఎలా ఉన్నావు?" అని రాశాను.

బిల్డ్ కొడితే ఎర్రటి అక్షరాలతో విరుచుకుపడింది. చివరి కొటేషన్ పెట్టడం మర్చిపోయాను. పెట్టి మళ్లీ కొట్టాను. ఎడమ మూల మీట నొక్కిపట్టి కేబుల్ గుచ్చాను. పెన్‌డ్రైవ్ కనిపించింది, ఫైలు పడేశాను. బుల్లి దీపం మిణుకుమని ఆరిపోయింది. అంతే. పరీక్షించి చూడ్డానికి ధైర్యం చాలక గది తలుపేసి వచ్చేశాను.

ఆయనకి తెలుస్తుందా, తెలియదా? నాకు కావలసింది అది. తెలిస్తే, నాకు వెళ్లే జవాబుని ఆయన ఒక్కసారైనా కళ్లతో చూస్తున్నాడన్నమాట. తెలియకపోతే పెట్టె సర్దుకోవడమే, ఇంకో మాట లేదు.

మర్నాడు దుకాణం నుంచి "ప్లంబర్ వస్తాడు, తలుపు తియ్యి" అని పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది.

"ఎల ఉన్నవు?"

గుండె ఝల్లుమంది. నేను రాసిందేనని తెలుసు, తప్పుతో సహా నాదే. దీర్ఘం రావాలంటే ఇంగ్లీషు అక్షరం రెండుసార్లు కొట్టాలి. నేను ఒక్కసారే కొట్టాను. దీర్ఘాలన్నీ మింగేసి, నత్తివాడు మాట్లాడినట్టు వచ్చింది. అయినా ఝల్లుమంది. "తలనొప్పిగా ఉంది" అని రాశాను. "మీటింగ్‌లో ఉన్నా" అని వచ్చింది. ప్లంబర్ వస్తాడంటే ఎలా ఉన్నావని అడిగినందుకు ఆయనకేం వింతగా లేదు. ఆ మాటలో దీర్ఘాలు లేకపోయినా తోచలేదు. కళ్లు పరీక్ష చేసేదాని మొగుడికి కళ్లు కనపడవని దుకాణంలో అక్కతో అన్నాను. ఆవిడ అర్థం కాక నవ్వింది.

ఆ తర్వాతి రోజు "ఎలా ఉన్నావు?" అని సరిగ్గా వచ్చింది, దీర్ఘాలతో. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ వాడగా వాడగా తనే నేర్చుకుని సర్దుకుంటుందని ఎక్కడో విన్నాను, అదే అయ్యుంటుందనుకున్నాను. ఊరుకోలేక జవాబు రాశాను.

"ఇవాళ ఒక పాప వచ్చింది. మొదటిసారి కళ్లజోడు పెడితే వాళ్లమ్మ మొహం చూసి, అమ్మా, నీకు బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందా అంది."

కొంచెంసేపటికి మళ్లీ "ఎలా ఉన్నావు?"

అద్దాల గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వడం ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. గోడకి చెప్పుకున్నట్టే అని తెలుసు. కానీ గోడ తనంతట తాను నిన్నెలా ఉన్నావని అడగదు కదా. అలా రోజూ రాయడం మొదలుపెట్టాను. అద్దాలు అరగదీసే అక్క వేలు తెగిందని రాశాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నిద్రలో నా భుజం మీద తల వాల్చిందని, దిగాల్సిన చోటు దాటిపోయినా ఆవిడ్ని లేపబుద్ధి కాలేదని రాశాను. కొత్త ఊళ్లో గదులు ఎలా ఉంటాయో రాశాను. ప్రతిదానికీ చివర అదే వచ్చేది, "ఎలా ఉన్నావు?" ఇంట్లో మాత్రం బెల్లం కొట్టిన రాయే. ఒక రోజు అన్నం తింటూ తలెత్తి నా వంక చూశాడు, నోరు తెరిచాడు. నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకున్నాను.

"ఉప్పు ఇటివ్వు," అన్నాడు.

ఆదివారం రాత్రి నేను దుకాణం నుంచి వచ్చాక మా వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మా, వేరే ఊరు వెళ్తున్నావటగా? వాడేమన్నాడు?"

"నా ఇష్టమన్నాడు వదినా."

"అదృష్టవంతురాలివి. మీ అన్నయ్యగారైతే నేను వీధి చివరికి వెళ్లాలన్నా వంద ప్రశ్నలు వేస్తారు."

"వంద ప్రశ్నలు నాకిప్పించండి వదినా, పుణ్యముంటుంది."

"ఊరుకోవే. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, నోట్లో నాలుక లేదు. కానీ మనసులో పెట్టుకుంటాడు. నాకు చూడు, ప్రతి ఆదివారం మెసేజ్ పెడతాడు, అక్కా బాగున్నావా, మందులు వేసుకున్నావా అని. ఇవాళా పెట్టాడు. నా కడుపున పుట్టినవాడు కూడా అడగడు అలా."

నా నోరు నేను కుట్టేసుకున్నాను. మధ్య వరసలో మూడో మీట. ఆవిడ గొంతులో ఆ గర్వం విన్నాక ఆ సంగతి ఎలా చెప్తాను? "మీరంటే ఆయనకి ప్రాణం వదినా," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆయన గదిలోంచి మీటల చప్పుడు టకటకా వినిపిస్తోంది. నాకు వదిన మీద అసూయ పుట్టింది. ఆవిడకి మీట సంగతి తెలియదు.

సోమవారం దుకాణంలో మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు "ఎలా ఉన్నావు?" అని వచ్చింది. నేను ఆ రోజు ఏమీ పంపకుండానే వచ్చింది. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ఆ పూట ఒళ్లు తెలియని దిగులుతో ఉన్నాను.

"ఒంటరిగా ఉన్నాను. నీతో ఒకే ఇంట్లో ఉండి ఒంటరిగా ఉన్నాను," అని రాసి పంపేశాను.

ఈసారి చాలాసేపు ఏమీ రాలేదు. ముసలాయన ఒకాయన కళ్లజోడు విరగ్గొట్టుకుని వచ్చాడు, ఆయన పని చూసి పంపాను. తర్వాత ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నావు?"

ఫోన్‌ని సొరుగులో పడేసి, తాళం వేశాను. ఒంటరిగా ఉన్నానంటే ఎలా ఉన్నావనడం ఏమిటి? లిఫ్టు కూడా నయం, నొక్కిన అంతస్తుకి తీసుకెళ్తుంది. చాలనుకున్నాను. ఆయన మళ్లీ ఆఫీసుకి వెళ్లే రోజు దాకా పళ్లు బిగబట్టుకుని ఉండి, ఆ రోజు ఆయన అటు వెళ్లగానే ఇటు గదిలోకి దూరాను. ఆ మీటే ఉండకూడదు. ఖాళీ చేసి పారేస్తే, అప్పుడేం పంపుతాడో చూస్తాను.

ఫైలు తెరిచాను. చివరి లైన్లో నా "ఎలా ఉన్నావు?" ఉంది. చెరపబోయి ఆగిపోయాను. నేను ఒక్కో అక్షరం కొట్టిన చోట రెండేసి అక్షరాలు ఉన్నాయి. దీర్ఘాలు ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే తెలుగు సర్దుకోవచ్చు గానీ, ఫైల్లోకి వచ్చి అక్షరాలు రాసి వెళ్లదు. ఈ ఫైలు తెరిచేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఇద్దరే. ఆయన మొదటి రోజే చూశాడు. ఎవరు మార్చారో తెలుసుకున్నాడు. తెలుసుకుని, తీసేయలేదు. అడగలేదు. కూర్చుని నా దీర్ఘాలు దిద్ది, మళ్లీ బిల్డ్ చేసి, మూల మీట నొక్కిపట్టి, ఎక్కించాడు. ఆ తర్వాత రోజూ తెలిసే నొక్కాడు.

నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం కొత్త మంట మొదలైంది. అంటే చదివాడు. పాప పుట్టుమచ్చ చదివాడు, బస్సులో ఆవిడ తల చదివాడు, ఒంటరిగా ఉన్నానని చదివాడు. చదవని మనిషినైతే క్షమించొచ్చు. చదివి, పక్క గదిలో కూర్చుని, ఉప్పు అడిగిన మనిషినేం చేయాలి? కింది వరస మూడు లైన్లలోనూ కొటేషన్ల మధ్య ఉన్నదంతా చెరిపేశాను. వదిన మీట మాత్రం ముట్టుకోలేదు. బిల్డ్ కొట్టాను, ఎక్కించాను, ఈసారి నొక్కి చూశాను. ఏమీ రాలేదు. మూడుసార్లు నొక్కినా ఏమీ రాలేదు.

మర్నాడు పెద్దాయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇంకా నాన్చితే ఎలా? ఇవాళ తేల్చేస్తే అక్కడ అన్నీ చూసుకుంటాను. లేకపోతే వేరే మనిషిని వెతుక్కోవాలి."

"మా ఇంట్లో ఒక్క మాట అడిగి చెప్తానండీ," అన్నాను.

తలుపు వేసుకుని, మళ్లీ "వెళ్లనా?" అని పెట్టాను. వెంటనే వచ్చే జవాబు రాలేదు. ఎదురుగా గోడ మీద అక్షరాల బోర్డు వెలుగుతోంది, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. నేను చదివిందే చదువుతూ కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. మెసేజ్ కాదు, ఫోనే. ఆయన నాకు ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో గుర్తు కూడా లేదు.

"కింది మీటలు పనిచేయట్లేదు," అన్నాడు.

"నేనే తీసేశాను."

"మూడూనా?"

"మూడూ. దీర్ఘాలు నువ్వే పెట్టావా?"

"ఊఁ. తప్పుగా వెళ్తోందని."

"నేను రాసినవన్నీ చదివావా?"

"చదివాను."

"ఒంటరిగా ఉన్నానన్నది?"

అటువైపు కుర్చీ కిర్రుమంది.

"అది కూడా."

"చదివి, మళ్లీ అదే మీట నొక్కావా? మనిషివేనా నువ్వు?"

"ఇంకేం అడగాలో నాకు తెలియలేదు," అన్నాడు. "అది నొక్కితే నువ్వు రాస్తున్నావు. నొక్కడం మానేస్తే రాయడం మానేస్తావేమో అనిపించింది. నువ్వు రాసింది చదవడానికి... ఉదయం నుంచీ దానికోసమే చూస్తున్నా రోజూ. అలా అడగొచ్చని నాకు తట్టలేదు ఇన్నాళ్లూ. నువ్వు పెట్టాక నొక్కుతున్నా."

ఈ మనిషి ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడటం కీబోర్డు చేసిన రోజుల తర్వాత ఇదే. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"అది మళ్లీ పెట్టవా?" అన్నాడు.

"పెట్టను. నోరుందిగా, నోటితో అడుగు."

ఊపిరి వినిపిస్తోంది. గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టేయలేదు.

"ఎలా ఉన్నావు?" అన్నాడు.

గొంతు బొంగురుగా ఉంది, పరాయి వాళ్ల ఇంటి తలుపు తట్టినట్టుంది. ఎన్నాళ్లుగానో నేను కాచుక్కూర్చున్న ప్రశ్న. దానికి చెప్పవలసినవి ఫోన్లో చేటభారతమంత రాశాను. నోరు తెరిచాను.

"బాగానే ఉన్నాను," అన్నాను.

"సరే అయితే," అన్నాడు. పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది, ఈసారి నా మీద. ఆ మాట నేను ఆలోచించి అనలేదు. ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు వచ్చేసింది. పెద్దాయన అడిగినా, అక్క అడిగినా, బస్సులో ఎవరడిగినా అదే వస్తుంది. నా నోట్లో అది ఎప్పుడెక్కిందో, ఎవరెక్కించారో నాకు తెలియదు. ఆయన్ని మనిషివేనా అని అడిగిన నోరే ఇది.

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. ఆగి మళ్లీ చేశాను. మళ్లీ ఎంగేజ్. పెట్టేసి క్షణం కాలేదు, అప్పుడే ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆఫీసు వాళ్లతోనేమో, మీటింగేమో. మూడోసారి కూడా ఎంగేజే. అప్పుడు తట్టింది. ఆయన నాకే చేస్తున్నాడు. ఇద్దరం ఒకరికొకరం అడ్డుపడుతున్నాం. ఫోన్ బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మళ్లీ చేయాలని వేళ్లు లాగుతున్నా చేయలేదు.

మోగింది. ఎత్తాను. ఆయన ఏదో అనబోయేలోగా నేనే అన్నాను.

"బాగాలేను."

అటువైపు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నేనూ," అన్నాడు.

పెద్దాయన తలుపు కొంచెం తెరిచి, ఏమంటావన్నట్టు తల ఎగరేశాడు. నేను ఫోన్ చెవి నుంచి తీయకుండా, వెళ్లనని తల అడ్డంగా ఊపాను. పెద్దాయన ఒక నిమిషం నా మొహం చూసి, తలుపు మెల్లగా దగ్గరకి వేసి వెళ్లిపోయాడు.